కృపాదానం చెప్పిన కొలత

"నేను వాడికి చెప్పింది వైఫ్ దగ్గరి కొలతండీ," అన్నాడు కృపాదానం.

అలివేలుమంగ చేతిలోని టీ కప్పు సాసర్లో టక్కుమంది. వంటింట్లో సుగుణకుమారి కొబ్బరి పచ్చడికి మిక్సీ తిప్పుతోంది. ఆ రొదలో తను సరిగ్గానే విన్నానా అని ఒక్క క్షణం అలివేలుమంగ అనుమానపడింది గానీ, డిటెక్టివ్ బుర్ర కదా, అప్పటికే లోపల మూడు రీళ్ళ సినిమా తిరిగిపోయింది.

"ఎవరి వైఫ్?" అంది గొంతు తగ్గించి.

"ఎవరిదైనా ఒకటేనండీ. అసలు కొలవాల్సింది అక్కడే. తెలియనివాళ్ళు మొన దగ్గర కొలిచి మోసపోతారు."

"క్రాంతికి ఈ సంగతి తెలుసా?"

"నేనే కదండీ నేర్పించాను!"

మిక్సీ ఆగింది. సుగుణకుమారి పచ్చడి గరిటెతో సహా గుమ్మంలో ప్రత్యక్షమైంది. "ఏవయ్యోయ్, ఎవరి వైఫ్‌ని కొలిచావు? చర్చిలో పెద్దవనిపించుకుంటూ ఇవేం మాటలు?"

"నీ మిక్సీ పాడుగాను! వైఫ్ కాదే, ఓజైవ్! ఓ... జై... వ్!" అని అరిచాడు కృపాదానం. ప్రమాదం జరిగిన ఈ నాలుగు రోజుల్లో ఆ మనిషి గొంతు పెంచడం అదే మొదటిసారి. అంతలోనే మళ్ళీ చల్లబడి, "బుల్లెట్‌కి వంపు ఉంటుంది చూడండి, దాన్ని ఓజైవ్ అంటారు," అన్నాడు.

"హమ్మయ్య," అంది అలివేలుమంగ. "వంకర బుద్ధి అనుకున్నాను, వంపే అన్నమాట."

లండన్ శివారు స్టాన్‌మోర్‌లో కింద డ్రైక్లీనింగ్ షాపు, పైన ఆవిడ డిటెక్టివ్ ఆఫీసు. కింద బట్టల మరకలు, పైన బతుకుల మరకలు అని ఆవిడే నలుగురికీ చెప్పుకుంటుంది. వయసు యాభై రెండు. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. మొగుడి కోసం సుగుణకుమారి ఫోన్లో ఏడిస్తే తెల్లారేసరికి కారేసుకుని నార్తాంప్టన్ వచ్చేసింది.

జరిగింది ఇదీ. శనివారం ఊరి బయటి రైఫిల్ క్లబ్బులో, ముప్పై నాలుగేళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి క్రాంతి లక్ష్యం మీదికి కాలుస్తుండగా రైఫిల్ ముందుకు పేలాల్సింది వెనక్కి పేలింది. ముఖం కాలింది. కుడికన్ను ఉంటుందో ఊడుతుందో డాక్టర్లు చెప్పలేకపోతున్నారు. ఆ తూటాలు అతను దుకాణంలో కొన్నవి కావు. ఇడ్లీ పిండి బయట కొనకుండా ఇంట్లో రుబ్బుకున్నట్టు, లైసెన్సున్న గురికాళ్ళు కొందరు తూటాలు ఇంట్లోనే తయారుచేసుకుంటారు. ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల మందు, మూతిలో బుల్లెట్. క్రాంతికి ఈ విద్య నేర్పింది ముప్పై ఏళ్ళు కేర్‌హోమ్‌లో నర్సుగా చేసి రిటైరైన కృపాదానం. ఆస్పత్రి మంచం మీద క్రాంతి స్పృహలోకి వచ్చి అన్న మొదటి మాట: "అంకుల్ చెప్పిన నంబరే పెట్టాను."

ఆ ఒక్క వాక్యంతో పోలీసులు కృపాదానం రైఫిళ్ళు, లైసెన్సు పట్టుకుపోయారు. రేపు స్టేషన్‌కి పిలిచి, ఇక మీరేం చెప్పినా కోర్టులో మీ మీదే వాడతాం అని హెచ్చరించి మరీ ప్రశ్నిస్తారట.

"నంబరు తప్పు చెప్పారా?" అంది అలివేలుమంగ సూటిగా.

"లేదండి. కళ్ళ ఆపరేషన్ అయినా నంబర్లు మర్చిపోలేదండి నేను."

"క్రాంతి అబద్ధమాడుతున్నాడా?"

కృపాదానం తల అడ్డంగా ఊపాడు. "వాడు అబద్ధం ఆడడండి. అదే నాకు అర్థం కావట్లేదు. రేపు జైల్లో పెడితే పెట్టనివ్వండి. ఆ పిల్లాడు నేనే చేశాననుకుంటున్నాడు చూశారా... అది మోయలేకపోతున్నానండి."

అలివేలుమంగ నోట్లో జోకు తిరగబడి వెనక్కి పోయింది. లేచి, "పదండి, ఆ బెంచీ చూపించండి. జడ్జిగారి బెంచీ ఎక్కేముందు మీ బెంచీ సంగతి తేలుద్దాం," అంది.

గరాజ్‌లో కృపాదానం బెంచీ ఆపరేషన్ థియేటర్‌లా ఉంది. అతను సొరుగులోంచి సన్నటి కొలతలు తీసే కాలిపర్ తీశాడు. దాని దవడకి చిల్లున్న చిన్న లోహపు ముక్క బిగించాడు.

"ఇది గేజి అండి. బుల్లెట్ మొనలు పెన్సిల్ మొనల్లాంటివి, ఒకటి పొడుగు, ఒకటి మొద్దు. అందుకని మొన నుంచి కొలవం. ఈ చిల్లులో బుల్లెట్ దూర్చితే, వంపులో ఒకచోట ఆగుతుంది. అక్కణ్ణించి కేసు అడుగు దాకా కొలుస్తాం. తూటాని గొట్టంలో పెట్టినప్పుడు, బుల్లెట్ వంపు లోపలి గాడులకి తగలకుండా ఇరవై థౌ ఎడం ఉండాలి."

"థౌ అంటే?"

"అంగుళంలో వెయ్యో వంతండి."

"నా పేరులోనే 'వేలు' ఉంది, మీ వెయ్యో వంతుకి నేను జడుస్తానా? తగిలితే ఏమవుతుంది?"

"బుల్లెట్ మరీ బయటికుంటే గాడుల్లో గుచ్చుకుపోతుందండి. మరీ లోపలికి నొక్కితే కేసులో మందుకి చోటు తగ్గిపోతుంది. రెంటికీ ఒత్తిడి పెరుగుతుంది. క్రాంతి రైఫిల్‌కి నేనే కొలిచాను. రెండు పాయింట్ రెండు ఒకటి అంగుళాలు. రెండేళ్ళుగా ఈ బెంచీ మీద అదే నంబరుతో తూటాలు చేసుకున్నాడు, ఏమీ కాలేదు. నా ఆపరేషన్ అయ్యాక, మిమ్మల్నెందుకు ఇబ్బంది పెట్టడం అంకుల్ అని వాడి ఫ్లాట్‌లోనే సామాను పెట్టుకున్నాడు. ఫోన్ చేసి నంబరు అడిగితే చెప్పాను."

"వాడివీ మీవీ కలిసిపోకుండా ఏదైనా గుర్తుందా?"

"నర్సు అలవాటండి, అన్నిటికీ గుర్తులే. వాడి కేసుల అడుగున ఆకుపచ్చ గీత. నావి ఎరుపు." వాడేసిన కేసొకటి తిప్పి చూపించాడు. ప్రైమరు మధ్యలో చిన్న సొట్ట. "కాల్చిందంటే ఈ సొట్ట పడాల్సిందేనండి."

*

క్లబ్బులో కాల్పులు జరిపే ఫైరింగ్ పాయింట్ తలుపు తాళం తీసి పట్టుకున్నది బ్రయాన్. శనివారం రేంజి భద్రత చూసింది అతనే. అతని పక్కన, మడత నలగని సూటులో అచ్యుత్. క్లబ్బు ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన పరిశోధకుడు. హైదరాబాద్‌లో పుట్టి లండన్‌లో ఇస్త్రీ అయ్యాడు.

"ఆంటీ, మీది డైవోర్స్ కేసుల బిజినెస్ కదా," అన్నాడు అతను. "ఇక్కడ విడిపోయింది మొగుడూ పెళ్ళాం కాదు, రైఫిల్."

"పగిలిపోయినవి చూసిన అనుభవం నాకున్నంత నీకు లేదు బాబూ."

"నాకు ఎక్స్‌పీరియెన్స్ అక్కర్లే, ఎవిడెన్స్ ఉంది. కౌంటీ టీమ్‌లో కృపాదానం ప్లేస్ క్రాంతికి పోయింది. అది మోటివ్. నంబర్ చెప్పింది ఆయన. అది మెథడ్. పోలీసులకు రిపోర్ట్ పంపుతున్న, మీరు ఇంటికి పోయి రెస్ట్ తీస్కోండి."

"ఆ టీమ్‌కి క్రాంతి పేరు రాసిచ్చింది ఎవరో కనుక్కున్నావా?"

అచ్యుత్ బ్రయాన్ వైపు చూశాడు. కృపాదానమే సిఫారసు చేశాడని బ్రయాన్ ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు. తన కళ్ళు మసకబారుతున్నాయి, ఈ కుర్రాణ్ణి తీసుకోండి అన్నాడట.

"యాక్టింగ్ కూడా కావచ్చు," అన్నాడు అచ్యుత్, కొంచెం చిన్న గొంతుతో.

అలివేలుమంగ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి క్రాంతి పడుకుని కాల్చిన చాప దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. గరుకు చాప. వేలితో అల్లిక సందుల్లో గీకింది. గోటి కింద సన్నటి నల్లటి పలుకులు వచ్చాయి, ఆవాల కంటే చిన్నవి.

"మందు," అంది. "కాలని మందు. పేలిన తూటాలోని మందు కాలిపోతుంది కదా, మరి ఇది ఏ తూటాది?"

అచ్యుత్ ఫోన్లో ఏదో చూస్తున్నట్టు నటించాడు.

"బ్రయాన్, ఇక్కడి ఖాళీ కేసులన్నీ ఏమయ్యాయి?"

అంబులెన్సు వాళ్ళు కాలు జారకుండా తానే వాటిని ఊడ్చి మూలనున్న బకెట్‌లో వేశానన్నాడు బ్రయాన్. పోలీసులు రైఫిల్, దాన్లో చితికిన కేసు, డబ్బాలో మిగిలిన తూటాలు తీసుకెళ్ళారు. బకెట్ నిండా అందరూ కాల్చి పారేసినవే కదా అని ఎవరూ దాని జోలికి పోలేదు.

అలివేలుమంగ బకెట్‌ని చాప మీద బోర్లించింది. గలగలమని ఇత్తడి వాన. అందులో ఆకుపచ్చ గీత ఉన్నవి ఏరుకుంటూ పోయింది. సొట్ట, సొట్ట, సొట్ట, మా ఆయన కొన్న సెకండ్ హ్యాండ్ కారుకి కూడా ఇన్ని లేవు అనుకుంటూ తిప్పుతుంటే, ఒకదాని దగ్గర వేళ్ళు ఆగిపోయాయి.

అడుగు నున్నగా ఉంది. సొట్ట లేదు.

పైకెత్తి చూసింది. బుల్లెట్ లేదు, మందు లేదు. అయినా కాల్చలేదు.

"అచ్యుత్ బాబూ, ఇటు రా. నీ కేసులో నాకొక కేసు దొరికింది. కాల్చకుండానే ఖాళీ అయింది. బుల్లెట్ ఎక్కడికి పోయినట్టు?"

అచ్యుత్ వంగి చూశాడు. సూటు మోకాళ్ళు మొదటిసారి నేలకి తగిలాయి.

"బ్రయాన్, పేలకముందు కాల్పులు ఆపించారా?"

ఆపించానన్నాడు. రేంజి వెనక కాలిబాట మీదికి కుక్కతో ఎవరో దారితప్పి వచ్చారు. తాను గట్టిగా విజిలూది, అందరినీ రైఫిళ్ళు ఖాళీ చెయ్యమన్నాడు. తూటాని లోపల మూసి ఉంచే గడియ, అదే బోల్టు, లాగడానికి క్రాంతి అవస్థ పడ్డాడు. కుక్క వెళ్ళిపోయాక మళ్ళీ మొదలుపెట్టమంటే, క్రాంతి కొత్త తూటా పెట్టి, బోల్టు మూసుకోక అరచేత్తో గుద్దడం తాను చూశాడు. ఆ తర్వాత కాల్చిన మొదటి దెబ్బే పేలిపోయింది. చెబుతూ చెబుతూ బ్రయాన్ ముఖం పాలిపోయింది.

"అంటే ఇదన్నమాట," అంది అలివేలుమంగ. ఆవిడ గొంతులో పెద్దమోత పోయి ఏదో జాలి వచ్చి చేరింది. "తూటా బారెక్కువైంది. బుల్లెట్ గాడిలో పడి ఇరుక్కుంది. ఖాళీ చెయ్యమనేసరికి పిల్లాడు కంగారుగా లాగాడు. కేసు మాత్రం ఊడొచ్చింది, మందు చాప మీద ఒలికింది, బుల్లెట్ గొట్టంలోనే ఉండిపోయింది. అంతకుముందు కాల్చిన ఖాళీ కేసుల మధ్య ఇదీ ఒక ఖాళీ కేసే అనుకున్నాడు. దాని వెనకే ఇంకో తూటా పెట్టి గుద్దాడు. ఆ రెండో బుల్లెట్ ముందుకు పోలేక కేసులోకి దిగబడిపోయింది. అప్పుడు మీట నొక్కాడు."



ముందు తేరుకున్నది అచ్యుత్. మోకాళ్ళు దులుపుకుని లేచి నవ్వాడు. "థ్యాంక్స్ ఆంటీ. నా రిపోర్ట్ మీరే కంప్లీట్ చేసిన్రు. తూటా లెంత్ ఎక్కువైంది అని మీరే అన్నరు. లెంత్ నంబర్ ఎవరు చెప్పిన్రు? మీ క్లయింట్! నిన్నటి దాకా నా దగ్గర అనుమానమే ఉండె, ఇప్పుడు ప్రూఫ్ ఉంది. కార్లో కూర్చొని పోలీసులకు మెయిల్ కొడ్త."

అలివేలుమంగ తన గోటి వైపు చూసుకుంది. నిజమే. ఆ నల్లపలుకులు తన గోటిలో ఉన్నాయి, వాటితో కృపాదానం చేతికి సంకెళ్ళు తయారవుతున్నాయి. ఒకరు రెండు పాయింట్ రెండు ఒకటి చెప్పానంటారు, ఇంకొకరు అదే పెట్టానంటారు. ఇద్దరూ నిజమే చెబితే తూటాకి బారెక్కడిది? కృపాదానం సొరుగు గుర్తొచ్చింది. కాలిపర్ అక్కడే ఉంది, గేజి అక్కడే ఉంది. గరాజ్ దాటి ఎప్పుడూ బయటికి పోలేదు.

మరి క్రాంతి ఇంట్లో దేంతో కొలిచాడు?

"ఆగు బాబూ, ఆ మెయిల్ ఒక్క గంట ఆపు," అంటూ ఆవిడ ఫోన్ తీసి క్రాంతి భార్యకి కలిపింది.

"స్రవంతీ, నేను అలివేలుమంగ ఆంటీని. పెట్టెయ్యకమ్మా! ఒక్క ప్రశ్న. మీ ఫ్లాట్‌లో కాలిపర్‌కి బిగించే చిల్లుల ముక్క ఏమైనా ఉందా?"

అవతల స్రవంతి విసుగ్గా, "ఉండాది. పోలీసులు మందు, తూటాలు ఎత్తుకపోయినారు, మిగతాదంతా డైనింగ్ టేబుల్ మీదే పారేసి పోయినారు. ఈ మధ్యనే పార్శిల్లో వచ్చింది అది. ఏమి, ఇప్పుడు దాంతో ఏం పని?" అంది.

"దాన్ని ఆస్పత్రికి పట్టుకురా తల్లీ. తూటాలు చేసుకోడానికి వాడిన బుల్లెట్ వట్టిది ఒక్కటి దొరికితే అదీ తీసుకురా. మందు లేనిదే సుమా. మందులకి ఆస్పత్రిలో కొదవ లేదు."

*

వార్డు గుమ్మం దగ్గర స్రవంతి అడ్డంగా నిలబడింది. రెండు రోజుల నుంచి తల దువ్వుకున్నట్టు లేదు. అలివేలుమంగ వెనక, గరాజ్‌లోని గేజి పట్టుకొచ్చిన కృపాదానాన్ని, సుగుణకుమారిని చూడగానే ముఖం ఎర్రబడింది.

"ఈయప్ప లోపలికి రాకూడదు. మా ఇంట్లో అన్నం తిని, మా ఆయన కన్ను తీసినాడు."

కృపాదానం ఒక అడుగు వెనక్కి వేశాడు. "నేనిక్కడే ఉంటానమ్మా. లోపలికి రాను."

"ఎవరు స్రవంతీ? అంకులా?" లోపల్నుంచి క్రాంతి గొంతు బలహీనంగా వినిపించింది. రెండు కళ్ళకీ కట్లు. "రానీ. నేనే అడగల్ల ఆయన్ని."

స్రవంతి పక్కకి తప్పుకుంది, కానీ మంచానికీ కృపాదానానికీ మధ్యనే నిలబడింది. అచ్యుత్ చేతిలో ఫోన్ పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. పోలీసు సార్జెంట్ లైన్లో వింటోందని ముందే చెప్పాడు. ఇంకా పంపని మెయిల్ తెరమీద ఉంది.

"అంకుల్, ఆ పొద్దు మీరు చెప్పింది రెండు పాయింట్ రెండు ఒకటే కదా?"

"అదేరా."

"నేను పెట్టింది కూడా అదే అంకుల్. ఒకటికి రెండుసార్లు కొలిచినా. మరి మీరు నాకేమైనా..."

అలివేలుమంగ రెండు గేజిలూ తీసింది. కృపాదానం గేజి కుడిచేత్తో, స్రవంతి తెచ్చినది ఎడంచేత్తో పట్టుకుంది. డబ్బాల మీద రెంటికీ ఒకటే సైజు రాసి ఉంది. చేసిన కంపెనీలు మాత్రం వేరు. వట్టి బుల్లెట్‌ని కృపాదానం గేజి చిల్లులో మొనవైపు నుంచి వేసింది. కొంచెం దూరి ఆగింది. దాన్నే తీసి క్రాంతి గేజిలో వేసింది. ఇంకా లోతుకి జారి, నడుం దాకా దిగి ఆగింది.

సుగుణకుమారి "అయ్యో ప్రభువా" అంది. అచ్యుత్ గోడ వదిలి దగ్గరికొచ్చాడు. కృపాదానం మాత్రం ఉన్నచోటే కుర్చీ అంచు పట్టుకుని నిలబడిపోయాడు. అతనికి చూడగానే అంతా అర్థమైపోయింది.

"ఏమైంది? ఎవరూ మాట్లాడరేం?" అన్నాడు క్రాంతి గాల్లోకి చెయ్యి చాపి.

"అంకుల్, మీరు చెప్పండి మా ఆయనకి," అంది స్రవంతి. ఆ గొంతులో ఇందాకటి పదును లేదు. మంచానికి అడ్డు తప్పుకుంది.

కృపాదానం వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. క్రాంతి అరచేతిలో తన గేజి పెట్టి, బుల్లెట్ దూర్చి, అతని బొటనవేలిని మొన మీదికి తీసుకెళ్ళాడు. "ఎంత బయటికొచ్చిందో చూడు." తర్వాత రెండోది. "ఇప్పుడు?"

క్రాంతి వేళ్ళు తడిమాయి. మళ్ళీ మొదటిది తడిమాయి. మళ్ళీ రెండోది.

"నాది పెద్ద చిల్లు," అన్నాడు మెల్లగా. "బుల్లెట్ ఇంకా కిందికి దిగుతోంది. అంటే నా గేజి వంపుని ఇంకా అడుగువైపు పట్టుకుంటోంది."

"అదేరా. అదే తూటాని నీ గేజి తక్కువ చూపిస్తుంది. నాకు రెండు రెండు ఒకటి చూపించే తూటా, నీదాంట్లో ఓ యాభై థౌ దాకా తగ్గి కనిపిస్తుంది. నువ్వు నా నంబరు రావాలని..."

"బుల్లెట్‌ని బయటికి లాక్కుంటూ పోయినా," అన్నాడు క్రాంతి. "నంబరు వచ్చేదాకా. గాడుల్లోకి."

"మనకి ఇరవై థౌ ఎడమే ఉంది. నువ్వు యాభై జరిపావు."

"నంబరు తూటాదనుకున్నా అంకుల్."

"నేనూ మర్చిపోయాను. నంబరుతో పాటు గేజి కూడా ఇవ్వాలిరా."

క్రాంతి కాలిపర్ కూడా స్రవంతి సంచిలోనే ఉంది. అచ్యుత్ తనకి తానే అడిగి తీసుకుని, రెండు గేజిలూ ఒకదాని తర్వాత ఒకటి బిగించి, బుల్లెట్‌ని రెండుసార్లు కొలిచాడు. తేడా యాభై థౌ అని అందరికీ చదివి వినిపించాడు. తెరమీది మెయిల్‌ని వేలితో చెరిపేసి, "కొలత తెస్తే కలత తీరింది ఆంటీ," అన్నాడు కొంచెం సిగ్గుగా.

"చూడబోతే నా జబ్బు నీకూ అంటుకుంటోంది, మాస్కు పెట్టుకో," అంది అలివేలుమంగ. చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది.

అచ్యుత్ ఫోన్‌ని స్పీకర్‌లో పెట్టాడు. అవతల సార్జెంట్, తెలుగు మాటల్లో దొర్లిన ఇంగ్లీషు ముక్కలనిబట్టి విషయం సగమే అర్థమైందనీ, రేపు కృపాదానాన్ని ప్రశ్నించాలా వద్దా తేల్చుకోడానికి గాయపడిన వ్యక్తి నోటితోనే ఒకసారి వినాలనీ అడిగింది. క్రాంతి కదిలి దిండు మీద లేచి కూర్చున్నాడు. రెండు గేజిలూ రెండు గుప్పిళ్ళలో ఉన్నాయి. మొదట ఆవిడకి ఇంగ్లీషులో అంతా వివరించాడు, చిల్లు సైజులు, బొటనవేలికి తగిలిన తేడా, యాభై థౌ, విజిలు, ఊడొచ్చిన ఖాళీ కేసు, అన్నీ. అవతల్నుంచి చాలాసేపు కాగితం మీద పెన్ను నడిచిన చప్పుడు వినిపించింది. చివరికి ఆవిడ రేపు కృపాదానం రానక్కర్లేదనీ, రెండు గేజిలూ జాగ్రత్తగా ఉంచితే తనే వచ్చి తీసుకెళ్తాననీ చెప్పింది.

తర్వాత క్రాంతి కట్లున్న ముఖాన్ని గదిలోని వాళ్ళవైపు తిప్పాడు. సుగుణకుమారి ఎక్కడ ఉందో, స్రవంతి ఎక్కడ ఉందో తెలియక మధ్యకి చూస్తూ, అందరికీ వినపడేలా తెలుగులో చెప్పాడు.

"అంకుల్ అబద్ధం చెప్పలా. నేనూ చెప్పలా. ఈ గేజిలు కూడా చెప్పలా. ఒక గేజి మాటను ఇంకో గేజి చేత పలికించినాం, అంతే."